ఘాటు దిగాక

సీజనంతా మా ఇంట్లోకి నిద్ర
దగ్గుతూనే వచ్చేది.

యార్డులో టిక్కీలు మోసి ఏసోబు,
కోల్డ్ స్టోరేజీ షెడ్డులో తొడిమలు తీసి నేను,
ఒళ్ళంతా ఎరుపు పూసుకొని
సంగడిగుంట సందులోకి తిరిగేసరికి
పదో, పదిన్నరో.
నానమ్మ పక్కన కెజియా అప్పటికే నిద్రపోయేది.
మేం వాలగానే తుమ్ముతూ లేచేది,
కళ్ళు నులుముకొని ఏడ్చేది.
నేనెత్తుకుంటే ఇంకా మండేది.
మండి ఏడిస్తే ఇంకా గట్టిగా ఎత్తుకునేదాన్ని.

మందుల షాపులో అడిగితే
తెల్లబిళ్ళలు పది ఇచ్చాడు.
సగం బిళ్ళ వేసుకున్న రాత్రి
పిల్ల ఏడుపు నాకు వినపడలేదు.
తొమ్మిదిన్నర బిళ్ళలూ
పొద్దున్నే కాలవలో పారేశాను.

దారి చెప్పింది మా అత్త సువార్తమ్మ,
ముప్పై ఏళ్ళు ఇదే కాయ ఏరిన మనిషి:
"నిద్రకీ ఓ గడప ఉంటదే పిల్లా.
చెప్పులు ఇడిసిన కాడే
యార్డుని కూడా ఇడిసి రావాల."

మర్నాడు వరండాలో గోనెపట్టా అడ్డం కట్టాం.
దాని వెనక బకెట్టు, మగ్గు, ఆముదం సీసా.
చేతులకి ముందు ఆముదమే.
నీళ్ళు పోశావా, మంట మోచేతిదాకా పరిగెత్తుద్ది.
తర్వాత శనగపిండి, ఆ తర్వాత నీళ్ళు.
విప్పిన బట్టలకి బయటే ఒక మేకు.
దుప్పట్లు మేడ మీద,
యార్డు గాలి తగలని మూల.
ఫోను బియ్యం డబ్బాలో.
నాలుగున్నరకి అలారం మోగితే
బియ్యమంతా ఉలిక్కిపడుద్ది.

"పడుకోటానికి ఇంత పనా" అని ఏసోబు నవ్వాడు.
మూడో రాత్రి గురక పెట్టాడు.
పక్కవాటా రమీజాబీ గోడ తట్టింది,
"మీవోడికి నిద్ర కుదిరింది, మాకు పోయింది!"

అన్ని రాత్రులూ ఒకలాగుండవు.
మే నెల, కరెంటు పోయిద్ది,
అత్త విసనకర్ర ఊపుతా ఊపుతా
తనే ఒరిగిపోతది,
విసనకర్ర నా మొహం మీద పడుద్ది.
రెండు లారీలు హారన్లు కొట్టుకుంటాయి.
అయినా ఘాటు లేదు,
గదిలో ఆముదం వాసన,
ఉతికిన దుప్పటి వాసన.

నిన్న కెజియా నిద్రలో దొర్లి
నా చూపుడువేలు నోట్లో పెట్టుకుంది.
ఊపిరి బిగబట్టాను.
ఒకసారి చప్పరించింది.
మళ్ళీ చప్పరించింది.
ఏడవలేదు.

ఆ వేలు కదపకుండా
చాలాసేపు
నేనే మేలుకొని ఉన్నాను.