పసుపుపచ్చ చొక్కా

ప్రిన్సిపాల్ గది బయట, గోడమీది ఫోటోలో
పదకొండుమంది నీలం.
చివర్న పసుపుపచ్చగా ఉండేది నేను.
చూసినోళ్ళు అడుగుతారు
ఈ పిల్ల వేరే కాలేజీదా అని.

లిబెరో అంటే ఏందో మా అమ్మకి మూడుసార్లు చెప్పినా.
సర్వీసు లేదు, స్మాషు లేదు, బ్లాకు లేదు,
పడబోయే బంతి కిందికి దూరడమే పని.
"అంటే నేలకీ బంతికీ మధ్యలో నువ్వా" అనింది.
మా పీడీ మేడం కూడా అంత బాగా చెప్పలా.

కొత్త జెర్సీలకి డబ్బులు పదకొండుకే సరిపోయినాయి.
నాది కబడ్డీ వాళ్ళ పాతది.
వీపుమీద కబడ్డీ అని ఉన్న చోట
తెల్ల ప్లాస్టర్ అడ్డంగా అంటించినారు.

తెల్లారుజామున అలిపిరి మెట్లమీద మా పరుగు.
బూట్ల లేసులు ముడేసి మెడలో తగిలించుకుని
ఉత్తకాళ్ళతో గాలిగోపురం దాకా.
భక్తులు గోవిందా అంటా ఎక్కుతుంటే
మేము మెట్లు లెక్కబెట్టుకుంటా.
దాక్షాయణి ఆ మాట అక్కడే పట్టుకొచ్చింది.
పాయింటు పోయినప్పుడల్లా
రెండు చేతులూ ఎత్తి "గోవిందా!" అనేది.
పోయినేడు దాని గొంతే పోయింది.
ఈయేడు చలికాలమంతా
దానికి పెద్దగా నోరు తెరిచే పని పడలా.

పుత్తూరు మీద మూడు సున్నా.
కాళహస్తి మీద మూడు ఒకటి.
పలమనేరులో వాన,
గోనెసంచులతో కోర్టు మేమే తుడుచుకుని ఆడినాం.
కుప్పంలో కన్నడంలో తిట్టినారు, తమిళంలో పొగిడినారు,
రెండూ తెలిసిన మునికుమారి
రెండిటికీ ఒకే నవ్వు నవ్వి బంతి ఎత్తింది.

ఏడు మ్యాచులు. ఏడూ మావే.
ఎనిమిదోదాని పేరెత్తితే
"దిష్టి మే, నోరు ముయ్యండి" అనేది కస్తూరమ్మ మేడం.
ఆ పొద్దున టిఫిన్లో
ఏడు ఇడ్లీలు తిని ఎనిమిదోది వదిలేసింది.

చిత్తూరు. ఐదో సెట్టు. పద్నాలుగు పదమూడు.
అవతలి పొడుగుపిల్ల కొట్టింది.
బంతి కనబళ్ళా, చప్పుడే వచ్చింది.
ఎప్పుడు పడినానో తెలీదు,
నాకంటే ముందే నా ఎడమ ముంజేయి
ఎర్రమట్టిలో ఉంది.
తగిలింది. లేచింది.
మునికుమారి వేళ్ళు.
పర్వీన్ అరచెయ్యి.
ఈల.

బోర్లా పడి ఉన్నా నేను, కళ్ళనిండా మట్టి.
దాక్షాయణి గోవిందా అనలేదు.
అట్ల తెలిసింది గెలిచినామని.

తిరుపతి బస్సులో కండక్టరు
కప్పుకి లగేజీ కొట్టాలన్నాడు.
చంద్రగిరి దాటేలోగా
వాడే అందులోంచి మా బొరుగులు తింటా ఉన్నాడు.
దూరంగా కొండమీద మెట్లదారి దీపాలు,
ఎవురూ లెక్కబెట్టలా ఆ రాత్రి.

స్కోరుషీట్లో చివరి పాయింటు పర్వీన్ పేరున ఉంది.
ఎనిమిది మ్యాచుల్లో
నా పేరున ఒక్కటీ లేదు.

మా అమ్మది కల్యాణకట్టలో గుండ్లు గీసే పని.
డ్యూటీ దిగి వచ్చింది, కొంగుకి ఎవరివో వెంట్రుకలు,
మణికట్టు పట్టేసి ఉంది.
నా ముంజేయి కమిలి ఉంది.
ఒకే గిన్నెలో నూనె కాచింది ఇద్దరికీ.
"ఈ పొద్దు ఎన్ని?" అన్నా.
"డెబ్బైరెండు గుండ్లు. నీకు?"
"సున్నా."
"కప్పొచ్చిందంటివి?"
"వచ్చింది."
కాసేపు ఏమీ అనలా.
"మొక్కు వాళ్ళది, కత్తి మనది" అనింది.
"చెయ్యి సరిగ్గా చాపు."

చొక్కా ఉతికితే ప్లాస్టర్ ఊడొచ్చింది.
తీగమీద ఆరేస్తే వీధికంతా కబడ్డీ.
వాళ్ళు రెండుసార్లు వెనక్కి అడిగినారు.
నేను ఇయ్యలా.