తెలియనివి

రాత్రి పదకొండున్నర.
షట్టరు సగానికి దించేశాను.
ఎవరూ ఏ జెరాక్సూ అడగని ఈ వేళ
డబ్బాలో ఫ్యాను మాత్రం
ఎదురునీటికి తెడ్డేస్తున్నట్టు రొప్పుతోంది.

నేనే పనీ చెప్పలేదు దానికి.
మరి ఎవరి పని చేస్తోంది?

మూడు మీటలు కలిపి నొక్కితే
లోపల తిరిగేవాళ్ళంతా వరసకట్టి నిలబడ్డారు,
నూట నలభై రెండు మంది.
పదేళ్ళుగా ఈ షాపు నాదే అనుకుంటున్నాను.
ముఖం తెలిసినవాళ్ళు
పట్టుమని పదిమంది లేరు.

పోయిన వారం ఇలాగే భయపడి
పేరు నచ్చక ఒకణ్ణి గెంటేశాను.
వాడు ప్రింటరు దగ్గర కూలీ అని
పొద్దున్నే తెలిసింది,
హాల్ టికెట్ల కోసం పిల్లలు మెట్లమీద బారులు తీరాక.
పెనుగొండ బస్సు వాళ్ళకోసం ఆగలేదు.

ముప్పై ఏళ్ళు లాకులు తీసి మూసిన ఏసుపాదం గారు
పింఛను కాగితానికొచ్చి బల్లమీద కూర్చుని
నా గోడంతా విని, పొడుం పీల్చి అన్నారు:
"పేరడిగి వదిలేస్తే ఎట్టాగమ్మా తాయారూ?
రంగు డబ్బా ఉంటే పేరు ఎవడైనా రాసుకుంటాడు.
ఏ రేవులో కట్టు విప్పావు? అదడగాలి.
సరంగెవడు? అదడగాలి.
ఖాళీ పడవేనండి ఆయ్, అంటాడు.
నువ్వు నోరు చూడకు, అంచు చూడు.
ఖాళీ పడవ అంచు మూరెడు తేలాలి.
జానెడే తేలిందా,
గడ్డి కింద ఇంకేదో ఉన్నట్టు."

అంచులు చూస్తున్నాను.

ఇదుగో, ఎస్‌వీసీహోస్ట్.
పెద్దింటి పేరు. అదే పేరుతో ముప్పైమంది ఉన్నారు,
ఎవరికి వాళ్ళు నెమ్మదస్తులు.
వీడొక్కడే మిషను బలంలో
నూటికి అరవై పాళ్ళు తాగేస్తున్నాడు.
కళ్ళజోడు తుడిచి మళ్ళీ చదివాను.
మధ్యలో సీ లేదు.

రేవు అడిగాను.
సిస్టం ఫోల్డరు కాదు, టెంపట,
వచ్చేపోయేవాళ్ళు చెత్త పారేసే గట్టు.
తారీఖు మొన్న బుధవారం, సాయంత్రం ఐదూ పది.
బుధవారం ఐదింటికి ఎవరొచ్చారు?
రొయ్యల మేత బిల్లులు తీయించుకున్న కుర్రాడు,
మెళ్ళో తాడుకి పెన్‌డ్రైవు.
వాడికీ తెలిసుండదు పాపం.
పంచె అంచుకి పల్లేరుకాయ అంటుకున్న సంగతి
నడిచేవాడికేం తెలుస్తుంది?

ఆపేశాను. ఫ్యాను ఊపిరి పీల్చుకుంది.
మిషను ఆర్పి మళ్ళీ పెడితే
మళ్ళీ ఉన్నాడు.

గుర్రపుడెక్క!
పైన తెప్ప లాగి గట్టున పడేసి
కాలువ బాగైందనుకుంటాం.
వేరు ముక్క ఒకటి మిగిలితే చాలు,
ఊదారంగు పువ్వుతో సహా తిరిగొస్తుంది.
స్టార్టప్ వరసలో దొరికింది వేరు,
నా సొంత ప్రింటరు పేరుని ఆనుకుని, చుట్టంలాగా.
పెరికాను.

ఒంటిగంట దాటింది.
ఇంటిపేరు, ఊరు, ఎవరి తాలూకు అని
ఒక్కొక్కరినీ అడిగి
పాత లెక్కల పుస్తకంలో రాస్తున్నాను.
ఇతను గడియారం చూసుకునేవాడు.
ఇతను స్పీకర్ల మనిషి.
ఇతను, ఎప్పుడో పాతసామానుకి వేసేసిన స్కానరు కోసం
ఇంకా గుమ్మంలో కూచున్నవాడు.
వీణ్ణి పంపెయ్యొచ్చు.
ఎందుకో పంపలేదు.

చివరికి ఒక్కడు మిగిలాడు.
ఆరంకెలూ రెండక్షరాలూ పేరు. సంతకం లేదు.
బరువు లేదు. కదలడు. అడిగితే పలకడు.

ఏసుపాదం గారి పడవల రిజిస్టరులో
చివర ఒక గడి ఉండేదట.
ఆఫీసువాళ్ళు అచ్చేసింది కాదు,
ఆయనే పెన్సిలుతో గీసుకున్నది.
అలాంటిదే ఒకటి గీసి రాశాను:
పోల్చుకోలేదు. అంచు పైకే ఉంది.
తలుపు తీయలేదు, తరిమీ వేయలేదు.
పొద్దుటి వెలుతురులో మళ్ళీ చూడాలి.

షట్టరు పూర్తిగా దించుతుంటే
లాకుల కింద నీళ్ళు
నాకు చెప్పకుండానే
ఏదో పనిమీద పోతున్నాయి.