వ్యాను నెత్తిన నాలుగు పలకలు

పలమనేరులో ఖాదర్‌వలీ టింకరింగు షెడ్డు ముందర
మూడు దినాలు నిలబడింది చెంగల్రాయుడి వ్యాను.
ఒకప్పుడది పాల వ్యాను.
వాన పడితే ఇప్పటికీ పులిసిన వాసన.

"నెత్తిన చిల్లు పొడిచేదానికి మనసొప్పదు పాపా"
అన్నాడాయన. రాత్రంతా దుర్యోధనుడై
తొడ చరిచే మనిషి
డ్రిల్లు మిషను చూసి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.
ఎనిమిది చాలన్నాను.
రేకు కింద కమ్మీ యాడుందో
వేళ్ళతో తట్టి, చెవి ఆనించి,
ఆడ మాత్రమే పొడిచినాను.
చిల్లు చుట్టూ జిగురు, బోల్టు, మళ్ళీ జిగురు.
రెండు బిందెల నీళ్ళు కుమ్మరించి
లోపలికి పోయి టార్చి కొట్టి చూసినాం.
అట్టపెట్టెల్లో కిరీటాలు పొడిగానే ఉండాయి.

పోయినేడు గుడిపాల కాడ
ద్రౌపది చేతులెత్తి పిలిచే పద్యంలో
డీజిల్ జనరేటరు దగ్గి దగ్గి చచ్చింది.
చీకట్లో ధనకోటి మామ
ఉత్త గొంతుతో నిలబెట్టినాడంట పద్యాన్ని.
మర్నాడే నా కాడికొచ్చినాడు,
గీకిన మీసం చోట రంగింకా వదల్లేదు.

పలకను రేకుకి ఆనించి పడుకోబెట్టకూడదు.
నాలుగు వేళ్ళ సందు వదలాల, గాలి పారాల.
వేడెక్కిన పలకకి సోమరితనం,
ఎండ ఎక్కువయ్యే కొద్దీ పని తగ్గిస్తుంది.

అసలు తగువు నీడ కాడ వచ్చింది.
రాత్రంతా ఆడి తెల్లారి పడుకునేవాళ్ళకి చెట్టు కావాల.
పలకలకి ఆకాశం కావాల.
బంగారుపాళ్యంలో మొదటి దినం
నన్నడక్కుండా తోతాపురి చెట్టు కింద పెట్టేసినారు.
చెయ్యంత కొమ్మ నీడ
ఒక్క పలక మూలన పడింది,
వరసంతా చేతులెత్తేసింది.
దానికి తోడు పైనుంచి సొన, అద్దం నిండా బంక.
పొద్దు గూకినాక భీముడొచ్చి అడిగినాడు,
"నీ బ్యాటరీ ఏకాదశి ఉపాసమా?"

రెండో దినం నడి మైదానంలో నిలబెట్టించినాను.
తిట్టుకుంటానే చాపలు పరిచినారు.
మధ్యాన్నం రెండు గంటలకి
చప్పుడు చెయ్యకుండా తలుపు తీసి చూస్తే
చాపలన్నీ ఒక పక్కకి జరిగుండాయి.
పలకలున్న మేర కింద, ఆ సందు గాలికి,
రేకు గోరువెచ్చన.
లేని మేర డ్రైవరు రెడ్డెప్ప చెయ్యి పెట్టి
"అమ్మో" అన్నాడు.
ఒకే దిండు మీద భీముడూ దుర్యోధనుడూ
నోళ్ళు తెరుచుకోని గురక.
ఈ లెక్క నేను కట్టింది కాదు.

వారానికొకసారి ఎక్కుతాను, తెల్లారకముందే.
కాగిన అద్దం మీద చన్నీళ్ళు పడితే పగుల్తుంది.
సబ్బు తగలనియ్యను.
కాకిరెట్టను నానబెట్టాల, గోకకూడదు.
ధనకోటి మామ పాత నూలు చీర,
నూరు సభల్లో దుశ్శాసనుడు లాగి లాగి మెత్తబడింది,
దానికి మించిన గుడ్డ లేదు.
మొగిలి కనుమ దిగినాక
ఒక్కో బోల్టుకీ స్పానరు పెట్టి అడుగుతాను,
ఉండావా?
రెండు ఉండవు. ఎప్పుడూ ఆ రెండే.

తపసు మాను దినం
వ్యానును దూరంగా పెట్టమంటే ఎవరూ వినలా.
పొద్దు వాలే కొద్దీ మాను నీడ
సన్నగా, తాడు మాదిరి,
పలకల మీదికి పాకొస్తా ఉండాది.
నేను వ్యాను మీదే కూర్చున్నాను.
అర్జునుడు ఒక్కో మెట్టుకీ ఒక పద్యం పాడి
పైనుంచి విసిరినాడు
బంతిపూలు, నిమ్మకాయలు, విభూతి.
నిమ్మకాయ ఒకటి అద్దం మీద ఠప్‌మనింది.
నా గుండె ఆగింది, అద్దం ఆగింది.
విభూతి మాత్రం మూడు పలకలకి బాగా పట్టింది.

గుడ్డ తీసేలోపల
కింద తడిచీరల్లో ఆడోళ్ళు
చేతులు చాపి నిలబడినారు నా వైపు.
నిమ్మకాయ ఇచ్చినాను.
పూలు ఒక్కోటీ ఏరి ఇచ్చినాను.
ఒకామె ఇంకా కదల్లేదు, ఇచ్చేదానికేం మిగల్లేదు.
అద్దం మీద వేలితో ఊడ్చి
ఆ బూడిద ఆమె చేతిలో రాల్చినాను.

తరవాత చీర తడిపి
మిగిలింది తుడిచినాను.
రాత్రికి పాశుపతముంది,
పెద్ద లైటెయ్యాల.