ఊపిరి తీసుకునే చోటు

ఈ నెల్లో మూడు సినిమాలు చూశాను.
చూశాను అనడం సరికాదేమో,
చదివాను.
వూచ్ నగరంలో, మూతబడ్డ నేతమిల్లు వెనక,
కోడిగుడ్ల అట్టలు అంటించిన నేలమాళిగలో.
మా పోలండ్‌లో టీవీకి పరాయిభాష సినిమా వస్తే
నటుల గొంతులు కాస్త తగ్గించి
పైన ఒక్కడే అందరి మాటలూ చెబుతాడు.
హీరో, హీరోయిన్, కుక్కని పిలిచే పిల్లాడు,
శవాన్ని కోసే డాక్టరు,
అందరూ నేనే.
ఏడవకూడదు, అరవకూడదు,
బస్సు వేళలు చెప్పినట్టు చెప్పాలి.
ఊపిరి తీసుకునే చోట ఎర్ర పెన్సిలు గీత.

మొదటిది అంతరిక్షం.
రెండొందల ఏళ్ళు మంచుపెట్టెల్లో పడుకున్న ఏడుగురు
ఒకేసారి కళ్ళు తెరుస్తారు.
తెరవగానే, "భూమి ఎలా ఉంది?"
నేను ఒప్పుకోను.
అపెండిక్స్ ఆపరేషనై నాలుగు గంటల మత్తులోంచి లేచినవాణ్ణి,
మొదట అడిగింది నీళ్ళు,
తర్వాత చెప్పులు.
భూమి ఊసు మూడోరోజుక్కానీ రాలేదు.
గ్రహాంతరవాసి మాత్రం నచ్చాడు,
వాడికి డైలాగుల్లేవు.

రెండోది సస్పెన్స్.
కాగితాలు నా ముందుంటాయి గనక
హంతకుడెవరో టైటిల్స్ పడకముందే తెలుసు:
పియానో శ్రుతి చేయడానికి వచ్చినవాడు.
నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ ఫిర్యాదు.
ముప్ఫై ఏళ్ళలో నాలుగొందల హత్యలు
ఈ నోట్లోనే నానబెట్టాను.
కత్తి దాచినవాడికీ, వాడికి తలుపు తీసే అమ్మాయికీ
ఒకే చల్లటి గొంతు ఇవ్వడం,
అందులో ఏదో న్యాయముందనుకుంటాను.
ఒక్కచోట మాత్రం
ఆమె మెట్లు దిగుతుంది, తొంభై సెకన్లు.
మాటల్లేవు. నాకు పనిలేదు.
తర్వాతి వాక్యం మీద వేలు పెట్టి కూర్చున్నాను.
కింద ఎవరున్నారో తెలిసీ
కాగితం మీద తడి మచ్చ పడింది.
నా మార్కులన్నీ ఆ తొంభై సెకన్లకే.
మిగతాదంతా వాన.
ఆ ఊళ్ళో ఒక్కరికీ గొడుగు లేదు.

మూడోది మాట నేర్చిన యంత్రం.
ఇంటి తాళాలు, పొయ్యి, పాప నిద్ర
ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంటుంది.
చివర్లో ప్లగ్గు పీకేస్తారు.
అంత తేలికైతే మొదటి పావుగంటలోనే పీకొచ్చుగా
అన్నాను ఓల్గియెర్ద్‌తో.
సౌండు ఇంజనీరు, నా దగ్గులన్నిటికీ లెక్క తెలిసినవాడు.
నవ్వలేదు.
హెడ్‌ఫోన్స్ నా వైపు తోశాడు.

నా గొంతే.
నేనెన్నడూ చదవని వాక్యం,
ఏదో జలాంతర్గామిలో ఆక్సిజన్ అయిపోతోందని.
పోయిన వసంతంలో నలభై గంటలు చదివించుకుని
సంతకం పెట్టించుకున్నారు,
భద్రపరచడానికట.
బాగుంది, అబద్ధమెందుకు.
"శ" దగ్గర నాలుక కొరుక్కున్నట్టు
అచ్చం నాలాగే పలికింది.
లోపం ఒక్కటే:
ఆక్సిజన్ అయిపోతోందని అంత పొడుగు వాక్యం చెబుతూ
వాడెక్కడా ఊపిరి తీసుకోలేదు.
అదే చెప్పాను.
ఓల్గియెర్ద్ రాసుకున్నాడు.
అతని పెన్ను కదులుతుంటే తెలిసింది
నేను సాయం చేస్తున్నానని.

నిన్న మెట్ల మీద నాలుగో అంతస్తు ల్యుడ్‌విక కలిసింది.
చూపు పోయి ఆరేళ్ళు.
బంగాళదుంపల తొక్క తీస్తూ
సినిమాలన్నీ నా గొంతులోంచే చూస్తుంది.
మంచి ఘట్టం వస్తే చాకు దానంతటదే ఆగిపోతుందని
ఒకసారి చెప్పింది.
"మొన్న రాత్రి జలాంతర్గామి సినిమా వేశారు.
మీ జలుబు తగ్గినట్టుందే," అంది.
ఎలా ఉంది సినిమా?
"ఏమో. గిన్నె నిండిపోయింది,
చెయ్యి మాత్రం ఎక్కడా ఆగలేదు."

తగ్గింది, అన్నాను, జలుబు గురించే.
మఫ్లర్ నోటికి అడ్డం పెట్టుకుని
ఆవిడ తలుపు గడియ పడేదాకా
దగ్గు ఆపుకున్నాను.