వంతెన మీద లెక్క

ఇక్కడ ఏప్రిల్ అంటే చలి మొదలు.
ఒమియో ఊళ్లో బేకరీ కిటికీకి ఆవిరి పట్టిందంటే
అడవి శాఖ ఇచ్చిన మేత గడువు ముగిసినట్టే.
మంచు పడకముందే
కొండమీది మందను కిందికి దించాలి.

తెల్లారకుండానే జీన్లు బిగిస్తాం.
రాత్రంతా చలి తాగి తోలు కర్రయిపోయి ఉంటుంది.
మా ఆడబిడ్డ డెల్విన్ కళ్లెపు ఇనుమును
చంకలో పెట్టుకుని వెచ్చచేస్తుంది.
"పొద్దున్నే నీ నోట్లో ఐసుముక్క కుక్కితే ఊరుకుంటావా?"
ఎవరూ అడక్కపోయినా అంటుంది.

పైన, తెల్లబెరడు యూకలిప్టస్‌ల మధ్య
ఆవులు మమ్మల్ని ఎరగనట్టే నిలబడతాయి.
ఐదు నెలలు అడిగేవాడు లేని మెడలవి.
కుక్క పొదలో దూరుతుంది, పొద ఆవవుతుంది.
పక్క పొద రెండు ఆవులూ ఒక దూడా అవుతుంది.
అరిచి అరిచి మధ్యాహ్నానికి నా గొంతు
ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంటుంది.

తోలడమంటే తరమడం కాదని
పెళ్లైన కొత్తలో నాకు తెలీదు.
వెనక, కొంచెం పక్కగా నడవాలి,
ఆవు కంటికొసకు అందీ అందనంత దూరంలో.
దారి తనే కనిపెట్టానని అది అనుకోవాలి.
(మా అత్తగారు నన్నూ అలాగే తోలిందని
ఆవిడ పోయాక గాని అర్థం కాలేదు.)

దిగువన ఏటిమీద చెక్క వంతెన.
అవతల, బోర్లించిన పాలక్యాను మీద
మామగారు క్లెమ్.
మూడేళ్లుగా వెలుగూ నీడా తప్ప
ఆ కళ్లకేమీ అందవు.
ఎడమ జేబు నిండా గులకరాళ్లు.
ఇరవై దాటితే ఒక రాయి కుడి జేబులోకి.

మేం మాట్లాడం. చెక్కల మీద గిట్టలే మాట్లాడతాయి.
"వెనక కాలు ఈడుస్తోంది, డెక్క చూడండి,"
అంటాడు వేలు ముడుస్తూనే.
"ఈ పెయ్య వంతెన ఎక్కడం ఇదే మొదలు."

ఈసారి పొగమంచులో దాటించాం.
మా కాగితం మీద నూట ఎనభై ఏడు.
ఆయన జేబులో తొమ్మిది రాళ్లు, ముడిచిన వేళ్లు ఎనిమిది.
"నాన్నకి వయసైంది," ఎవరో గొణిగారు.
గొణిగింది మా ఆయనే.

క్లెమ్ నావైపు, కాదు, నా గుర్రం వైపు తల తిప్పాడు.
"టాఫీ అడుగు బరువుగా పడింది.
ఏం మోసుకొచ్చింది?"

పైన, మంచు చారల పక్కన
అకాలంలో ఈనిన లేగ.
నిలబడలేకపోతే జీను ముందు అడ్డంగా వేసుకుని
వానకోటు కప్పాను.
తల్లి నా రికాబును ముక్కుతో పొడుస్తూ వెంట నడిచింది.
దాని గుండె నా తొడకు తగులుతూనే ఉంది నాలుగు గంటలు.
తల్లిని లెక్కేశాను. దీన్ని మరిచాను.

కోటు తీశాను. తుమ్మింది.
డెల్విన్ ఏడును కొట్టేయబోతే
చలికి పెన్ను కదల్లేదు, రెండుసార్లు విదిలించింది.

ఆయన లేచి, తడుముకుంటూ వచ్చి,
ముడిచిన ఎనిమిదో వేలు విప్పి
లేగ నోటికిచ్చాడు.