రాయిని నాకిన దారం

పుత్తూరులో ఎముకలు కట్టే వీధి దాటి
తిరుత్తణి రోడ్డు వైపు మా పుట్టగొడుగుల షెడ్డు.
జూన్ నెల. కరెంటు పోయి రెండు గంటలు.
తడిపిన గోనెపట్టాలు ఆరిపోతున్నాయి.
డ్రమ్ములో ఉడికిన వరిగడ్డి వాసన
చీకట్లో మనిషిలా నిలబడి ఉంది.

సంచులకు బ్లేడుతో గాట్లు పెడుతూ రెడ్డెమ్మ అడిగింది:
"అక్కా, చెట్టూ చేమా లేని లోకం ఉంటే
ఆడ వీటికి కూడెట్ల?"

నాకు తెలియదు.
తెలియదని చెప్పలేక ఒక లోకాన్ని అల్లాను.

అక్కడ సూర్యుడు చిన్నవాడు,
నీళ్లు చల్లిన పొయ్యిలో మిగిలిన నిప్పు.
గడ్డి లేదు, గొడ్డు లేదు, కుళ్లేందుకు ఏదీ లేదు.
ఉన్నదల్లా ఒక దారం.
అది రాయిని నాకింది.
పుల్లటి ఉమ్మి ఊరించుకుని
ఇసుకరేణువుకు వెయ్యేళ్ల లెక్కన
కొండను కరిగించుకుంది.
పగుళ్లలోకి పాకి బండను బండకు కట్టింది,
మన వీధిలో ఆకుపసరూ గుడ్డుసొనా పూసి
వెదురుబద్దలు బిగించినట్టు.

కానీ రాయితో ఆకలి తీరదు.
చచ్చినది కావాలి.
ఆ లోకంలో అప్పటికింకా ఎవరూ చావలేదు.

అందుకని అది తనను తాను చీల్చుకుంది.
ఒక సగం పైకి లేచి, నల్లగొడుగు విప్పి
ఎండ తాగడం నేర్చింది.
ఇంకో సగం కిందే ఉండి
కాచుకోవడం నేర్చింది.
పైది ఎండి రాలేది, కిందది తినేది.
తన చావును తనే సాగు చేసుకుంది.

కోటి ఏళ్లు. ఇంకో కోటి.
పైవాటికి కాళ్లొచ్చాయి, మందలొచ్చాయి,
ఒకదాన్నొకటి పిలుచుకునే వాసనలొచ్చాయి.
తాము దారమన్న సంగతి మరుపుకొచ్చింది.
కింద మెత్తగా కదిలేదాన్ని చూసి జడుసుకుని
దానికో మారుపేరు పెట్టుకున్నాయి.

"పామును రేత్రిపూట పురుగన్నట్టు,"
అంది రెడ్డెమ్మ.
బ్లేడు ఆగిపోయింది.
"అయితే కిందుండేదానికి తెలుసునా,
పైది తన ఒళ్లేనని?"

నేను అంతదాకా అల్లలేదు.

"పోయినేడు మా చిన్నమ్మను
మామిడితోపు గట్టున పెట్టినాం.
తొలివానకు ఆ మట్టిమీద గొడుగులు లేచినాయి.
తెల్లంగా, ఇంతింత.
కోసుకోబుద్ధి కాలే.
తొక్కబుద్ధీ కాలే.
చుట్టూ తిరిగి వచ్చేసినా."

బయట లారీ ఒకటి మామిడికాయలేసుకుని
గుజ్జు ఫ్యాక్టరీ వైపు పోయింది.

కరెంటొచ్చింది.
మంచు చిమ్మే మోటారు రెండుసార్లు దగ్గి అందుకుంది.
"ఆ లోకంలో కిలో ఎంత పలుకుతాదో," అని నవ్వి
రెడ్డెమ్మ తర్వాతి సంచి ఒళ్లోకి లాక్కుంది.
ఈసారి గాటు
కొంచెం చిన్నదిగా పెట్టింది.