లేచిపోయినవాళ్ళం

పలాసలో జీడిపిక్కలు కొట్టే చేతులు మావి.
శనివారం కూలి డబ్బులు కొంగున ముడేసుకుని
మొదటాటకి టిక్కెట్టు కన్నంలో చెయ్యి పెడితే
బూడిదతో రుద్దినా నలుపు పోని వేళ్ళు చూసి
లోపల్నుంచి ముసలాయన అడిగేవాడు
"ఏ ఫ్యాక్టరీ అమ్మా?"

ఏడుపు సినిమాలకి రానంటే రాననేది దమయంతి.
"ఏడుపుకి డబ్బులెట్టడమేటే,
ఇంటికాడ ఊరికే దొరుకుతాది."
మాకు కావలసింది
అబద్ధం పేరు చెప్పి అద్దెకి దిగిన కుర్రాడు,
వాడి గొడుగు పొరపాటున పట్టుకెళ్ళిపోయిన పిల్ల,
ఒకరికి రాసిన ఉత్తరం ఇంకొకరికి చేరి
ఇంటర్వెల్ దాకా వీధి వీధంతా తగువు.
చెడ్డవాడంటూ ఎవడూ ఉండడు,
ఉన్నా అతికించుకున్న మీసంతో పిల్ల మేనమామే.
ఆ తగువు నడుమ
ఎవరూ అడక్కుండానే, పాట.

పాటంటే ముందు వయొలిన్లు.
అవి ఎలా ఉంటాయో అప్పటికి నేను చూడలేదు,
చాలామంది ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నట్టు వినబడేది.
పిల్ల మొహం తిప్పుకుంటుంది.
చరణానికీ చరణానికీ మధ్య ఫ్లూటొకటి
ఆమె వెనకాలే వెళ్ళి బతిమాలుతుంది.
రేకుల మీద వాన పడితే సగం మాటలు తెలిసేవి కావు.
తెలియని చోట మేమే ఏదో కట్టుకునేవాళ్ళం.
సోమవారం పిక్కలు కొడుతూ పాడితే
దెబ్బకి దెబ్బ తాళం,
వరసలో పదిమందికీ పది రకాల మాటలు.

నాకు పెళ్ళై నాలుగు నెలలు.
ఆయన మా ఫ్యాక్టరీలోనే, కాటా దగ్గర.
దాలినాయుడంటే ముల్లు కదలని మనిషని పేరు.
ఇంట్లోనూ అంతే,
కూర బాగుంటే ఊఁ, బాగోకపోతే ఊఁ.
హాల్లో ఆడవాళ్ళ బెంచీలు గోడకి ఇటు,
మగవాళ్ళు అటు.
ఆ శనివారం, కాబోయే మామకి జడిసి
కుర్రాడు ఊరగాయ జాడీల గదిలో దూరినప్పుడు
గోడకి అటు ఎవరో నవ్వారు.
నవ్వా అది!
నూతిలో బిందె జారి
వరలకి తగులుకుంటూ దిగినట్టు.
హాలంతా ఆగాక కూడా ఆగలేదు.
"ఎవడే ఆడు, సచ్చిపోతాడేటి" అంది దమయంతి.
ఎవరి పెనిమిటో గాని
ఆవిడ పుణ్యం చేసుకుందనుకున్నాను.

పూండి పోయే ఆఖరి పాసింజరు మా కోసం ఆగదు.
అందుకని ప్రతిసారీ క్లైమాక్సు ముందర
కొంగులు దులుపుకుని లేచిపోయేవాళ్ళం.
గేటు దాటుతుంటే వెనక ఆఖరి పాట ఎత్తుకునేది,
కొంతదూరం మాతో నడిచి
రోడ్డు మలుపులో వెనక్కి పోయేది.

ఆ రాత్రి బండి లేటు.
ప్లాట్‌ఫారం మీద వేరుశనక్కాయలు వలిచి
నా చేతిలో పెడుతూ
"ఆ జాడీ మూత..." అన్నాడాయన.
అంతే, మాట రాలేదు.
బిందె జారింది.

లైటు స్తంభం కింద
నా మొగుడి మొహం చూస్తూ నిలబడ్డాను,
గింజలు ఎప్పుడు కింద పోశానో తెలీదు.

తర్వాత ఎన్ని శనివారాలో.
పెళ్ళయ్యాక కూడా వారం వారం లేచిపోయిన జంట
ఈ ఊళ్ళో మీరేనే అని
దమయంతి ఇప్పటికీ ఎక్కిరిస్తుంది.

మొన్న మనవరాలు ఫోనులో అదే సినిమా పెట్టింది.
కడదాకా ఉందట, ఎక్కడా తెగలేదట.
పాట వచ్చింది. మాటలు మావి కావు.
మావే బాగున్నాయి.
జాడీల దగ్గర ఆయన నా భుజం పట్టుకుని ఊగిపోయాడు,
పళ్ళు పోయాయి గాని నూతి లోతు అలాగే ఉంది.
ఇంకో పావుగంట ఉందనగా
పంచె సర్దుకుని లేచాడు.
"బేగి రా, బండి టైమైపోనాది."

"వాళ్ళింకా కలవలేదు తాతా!" అని పిల్ల గోల.

"కలుస్తార్లే" అన్నాను,
చెప్పులు వెతుక్కుంటూ.